సుగుణ మేడమ్ ఆపిన మాత్రలు

తుర్కపల్లిలో మా మందుల కంపెనీ లోపలికి వెళ్తూ చేతులకు స్పిరిట్ రాసుకునేటప్పుడు, ఆ ఘాటు ముక్కుకు తగలగానే ఎవరో వెనక నుంచి తప్పు పట్టబోతున్నారనిపిస్తుంది. ఆ భయం పెట్టింది సుగుణ మేడమ్. మందుల నాణ్యత చూసే మా విభాగానికి ఆమె పెద్ద. మేడ్చల్ నుంచి మాతోపాటు కంపెనీ క్యాబ్‌లోనే వచ్చేవారు. పని చేసినవాళ్లది ఒక సంతకం, సరిచూసినవాళ్లది ఇంకో సంతకం ఉండాలి. రెండూ ఒకరివే అయితే ఆమెకు పూనకం వచ్చేది. "కాకిపిల్ల కాకికి ముద్దు. గందుకే ఇంకొకలు జూడాలె" అనేవారు.

ఒకరోజు క్యాబ్‌లో నా చెవి దగ్గరకు వంగి, రొమ్ములో బఠాణీ అంత గడ్డ తగులుతోందని చెప్పారు. "నేనే ఒత్తి జూసిన. నొస్తలేదు. ఏం గాదు" అని తీర్పు కూడా ఇచ్చేశారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలే. "ఒత్తింది మీరే, పాసు జేసింది మీరే. గట్లెట్ల నడుస్తది మేడమ్?" అన్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో నా రిజిస్టర్లు మాత్రం మూడుసార్లు తిప్పి పంపారు. మూడో రోజు పొద్దున, "దవాఖానకు పోదాం పా. నువ్వు ఎంబడి లేకుంటే మధ్యలనే దిగిపోత" అన్నారు.

పరీక్షల్లో క్యాన్సర్ అని తేలింది. క్యాబ్‌లో ఒకరు బొప్పాయి ఆకు రసమన్నారు, ఇంకొకరు పచ్చి పసుపన్నారు. మేడమ్ నోటుబుక్కు తీసి, "రాసి, పేరు వెట్టి, సంతకం జేయుండ్రి" అన్నారు. నోటుబుక్కు క్యాబంతా తిరిగి ఖాళీగానే ఆమె చేతికొచ్చింది.

డాక్టరు ఓపికగా వివరించారు. గడ్డ చిన్నది కాబట్టి అంతవరకే తీసి రేడియేషన్ ఇవ్వొచ్చు, లేదా రొమ్ము మొత్తం తీసేయొచ్చు. ఆమె విషయంలో రెండింటికీ బతుకు భరోసా ఇంచుమించు ఒకటే. ఆ గడ్డ హార్మోన్ల ఆసరాతో పెరిగే రకం కనుక కొన్నేళ్లు మాత్రలు తప్పవు. "ఒకప్పుడు అందరికీ ఒకటే కోత. ఇప్పుడు గడ్డ స్వభావాన్ని బట్టి మందు. ముందు ముందు గురి చూసి కొట్టే మందులు ఇంకా వస్తాయమ్మా" అన్నారు. "ఎప్పుడొస్తయ్ సార్?" అని మేడమ్ అడిగారు. కొత్త మందు పరీక్షలన్నీ దాటాలి కదా అన్నారాయన. ఆమె సిగ్గుపడుతూ నా వైపు తిరిగి, "ఆలస్యం మనతోనే అయితాంది" అన్నారు. మొత్తం తీసేస్తే పీడ పోతుందని భర్త పట్టుపట్టినా, ఆమె గడ్డవరకే తీయించుకుంటానన్నారు. వరండాలో మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "భయమైతాంది" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

రేడియేషన్ ముగించుకుని మేడమ్ తిరిగి పనిలోకి వచ్చారు. ఆమె వేసుకునేవి మా కంపెనీ మాత్రలే. కొన్నాళ్లకు అవి బజారులో దొరకడం తగ్గింది. అదే సమయంలో ఆ మాత్రల కొత్త బ్యాచ్‌లో, మాత్ర నీళ్లలో కరిగే వేగం హద్దు అంచున వచ్చింది. "పాస్ చేయండి మేడమ్, రోగులు ఎదురుచూస్తున్నారు" అంటూ తయారీ విభాగం మేనేజరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. "నాకెరికే. నా డబ్బల గూడ నాలుగే ఉన్నయ్. మళ్ల పరీక్ష చేయుండ్రి" అన్నారు. మళ్లీ చేస్తే బ్యాచ్ తప్పింది. ఆమె మేడ్చల్ దుకాణాలన్నీ తిరిగి వేరే కంపెనీ మాత్రలు కొనుక్కున్నారు. అవి కూడా మంచివేనని ఒప్పుకోవడానికి ఆమెకు వారం పట్టింది.

మేడమ్ రిటైరయ్యారు. బాగున్నారు, ఫోనులో ఇంకా తిడతారు. ఆ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. తొందరపెట్టేవాళ్లు వచ్చి నిలబడినప్పుడు, ఎక్కడో ఒకామె డబ్బా మూత తీసి, నా మొహం కూడా తెలియకుండా నన్ను నమ్మి మాత్ర మింగబోతోందని గుర్తొస్తుంది. పరీక్ష పూర్తయ్యేదాకా వాళ్లను కూర్చోమంటాను.