మా స్టూడియో నిశ్శబ్దంలో వినిపించింది

దెయ్యం సినిమాలకు చప్పుళ్లు తయారుచేసి బతికేవాణ్ణి నేను. తలుపు కిర్రుమంటే దాని వెనక ఏ విరిగిన కుర్చీ ఉందో తెలిసినవాడికి దెయ్యాల మీద నమ్మకం ఎలా కుదురుతుంది? ఇప్పటికీ లేదు. కానీ ఈ ఒక్కదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

మాది యూసుఫ్‌గూడ. ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న స్టూడియోలో సౌండ్ ఇంజనీరుని. మా చెల్లెలు శ్రావణి ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె థీసిస్ అంతా ఒకే ఒక్క సిగ్నల్ మీద నిలబడి ఉంది. అది నిజంగా నక్షత్రానిదా, భూమ్మీది యంత్రాల గోలా తేలకపోతే ఇన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

యాంటెన్నాను నక్షత్రం వైపు తిప్పితే సిగ్నల్ రావాలి, పక్కకు తిప్పితే పోవాలి. దూరాన ఇంకో ఊళ్లోని యాంటెన్నాకూ అందాలి. ఈ పరీక్షలన్నీ ఆ సిగ్నల్ నెగ్గింది. అయినా వాళ్ల గైడ్‌కు అనుమానం తీరలేదు. అందుకే శ్రావణి దాన్ని చప్పుడుగా మార్చి నా దగ్గరికి తెచ్చింది.

"అన్నా, గోల సంగతి నీకంటే ఎవరికి తెలుస్తది? జర విని చెప్పు, ఇది దేని చప్పుడో."

టక్ టక్ టక్. కొంచెం ఆగి ఒక మూలుగు. మళ్లీ టక్. జనరేటర్ వ్యాను, వాకీటాకీ, ఏసీ, లిఫ్టు, నా దగ్గరున్న చప్పుళ్లన్నిటితో పోల్చి చూశాను. ఏదీ కలవలేదు. శ్రావణి మొహం వెలిగిపోయింది.

నేను అక్కడితో ఊరుకోలేదు. డైలాగులయ్యాక మేం అందరినీ కదలకుండా నిలబెట్టి, గదిలోని ఉత్త నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుంటాం, మాటల మధ్య ఖాళీలు అతకడానికి. దాన్ని రూమ్ టోన్ అంటాం. శ్రావణికి సిగ్నల్ దొరకకముందు, పోయినేడాది ఇదే గదిలో తీసినది ఒకటుంది. అలవాటు కొద్దీ దాన్నీ పెట్టి, బాగా పెంచి విన్నాను.

టక్ టక్ టక్. మూలుగు. టక్.

శ్రావణి పరీక్షలే నా గదికీ పెట్టాను. మైకు మార్చాను, కేబుల్ మార్చాను. కరెంటు మొత్తం ఆపేసి బ్యాటరీ రికార్డరుతో తీశాను. ఉంది. పక్క గదిలో తీస్తే లేదు. మళ్లీ ఈ గదిలోకి వస్తే ఉంది. ఆమె లెక్క ప్రకారం ఇదీ అసలైనదే.

శ్రావణిని పిలిచి వినిపించాను. విని హెడ్‌ఫోన్స్ తీసింది.

"నాది గోలైతే గంత దూరంల ఉన్న యాంటెన్నాకు ఎట్ల దొరికింది? నాది నిజమైతే గీ గదిల ఉన్నదేంది అన్నా?"

ఏది రాయాలో తెలియక ఆమె థీసిస్ ఆపేసింది.

మొన్న ఒక డైరెక్టర్ దెయ్యం సీనుకు పూర్తి నిశ్శబ్దం కావాలన్నాడు. మా గదిది ఇవ్వబుద్ధి కాలేదు. మోతీనగర్‌లో ఉన్న స్నేహితుడి స్టూడియో నుంచి తెప్పించి ఇచ్చాను. దాన్ని కూడా పెంచి వినమని శ్రావణి రోజూ ఫోన్ చేస్తోంది. అందులోనూ అదే ఉంటే అది భూమ్మీది గోలేనని తేలిపోయి తన సిగ్నల్ పనైపోయినట్టే. లేకపోతే అది మా గదిలో మాత్రమే ఉన్నట్టు.

ఫైల్ నా కంప్యూటర్‌లోనే ఉంది. నాకింకా ధైర్యం చాలలేదు.