పెద్ద నర్సమ్మ వరండా

మొన్న కళ్ళ పరీక్షకని ఒక ఆస్పత్రి నడవలో కూర్చుని ఉండగా, పక్కన ఎవరో మూట విప్పారు. జొన్నరొట్టె, నూరిన ఎర్రకారం, ఉల్లిగడ్డ వాసన ఒక్కసారిగా గుప్పుమంది. ఫినాయిలు వాసన ఎటో పోయింది. కరీంనగర్ ఆస్పత్రి వరండా కళ్ళ ముందుకొచ్చింది. రోగుల మధ్య నేల మీద కూర్చుని, వాళ్ళు పెట్టిన రొట్టెముక్క నములుతూ వాళ్ళ మాటలు వింటున్న మార్తమ్మ కనిపించింది. జనం ఆమెను పెద్ద నర్సమ్మ అనేవారు. ఆమె దగ్గర నేను పని నేర్చుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మాది దేశ్‌ముఖుల ఇల్లు. నేను విలాయతులో వైద్యం చదువుతున్న ఏళ్ళలోనే ఇక్కడ భూములు పోయాయి, మాట చెల్లడమూ పోయింది. తిరిగివచ్చేసరికి కోటలాంటి మా గడిలో సగం గదులకు పైకప్పు లేదు. నాకు మిగిలింది చదువు, నిటారుగా నిలబడే అలవాటు. ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. బయటి దేశంలో చదివినవాణ్ణి కాబట్టి హౌస్ సర్జన్‌గా చేరే ముందు మూడు నెలలు జిల్లా ఆస్పత్రిలో ఇక్కడి పద్ధతులు నేర్చుకోమన్నారు. నాకది అవమానంగా తోచింది. అది చాలదన్నట్టు సూపరింటెండెంటు నన్ను తీసుకుపోయి ఒక నర్సుకు అప్పగించారు.

మొదటి రోజే మార్తమ్మ వరండా చూపించి, "జర కింద కూసోండ్రి డాక్టర్ సాబ్" అంది.

"కుర్చీ లేదా ఇక్కడ?"

"ఎందుకు లేదు? కుర్చీల కూసుంటె మందు తెలుస్తది, రోగం తెల్వది."

నేను కూర్చోలేదు. ఆమె నవ్వి, గోడకు ఆనుకున్న ముసలాయనను చూపించింది. "పోనీ, గా తాతను అడుగుండ్రి, నీకు రెండు తలకాయలున్నయా అని. మిమ్ముల జూసి, ఉన్నయి దొరా అంటడు."

ముసలాయన బోసినోటితో నవ్వాడు. "ఒక్కటే ఉన్నది నర్సమ్మా. గదే పొద్దుగాల్నుంచి నొస్తున్నది." వరండా అంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆమె రోగం గురించి ముందుగా అడిగేది కాదు. ఏ ఊరు, బండి మీద వచ్చారా, నడిచి వచ్చారా, ఇంటి దగ్గర ఎడ్లకు మేత ఎవరు వేస్తున్నారు, ఇలాంటివే. చాలాసేపటికి వాళ్ళు గొంతు తగ్గించి "అవ్వా, ఇంకో ముచ్చట" అనేవారు. ఆ ముచ్చట కోసమే ఆమె అంతసేపూ కూర్చునేది. నేనైతే నిలబడి గబగబా ప్రశ్నలు వేసి జవాబులు రాసుకునేవాణ్ణి. ఒకసారి నా కాగితాలు తిరగేసి ఆమె అంది: "అందరు గింత సక్కగ జవాబు చెప్పిన్రా? గిది జూసి మీరు పరేషాన్ గావాలె సాబ్. సూది ఇచ్చే ముందు మాత్రం నన్ను పిలువుండ్రి. నేను అడుగుత."

రెండో నెలలో, వానలు పడుతుండగా, పోశయ్య వచ్చాడు. వేములవాడ దగ్గరి రైతు, ముప్పై ఏళ్ళు ఉండవు. నాగలి కర్రు తగిలి కాలు చీము పట్టింది. వెంట భార్య లచ్చవ్వ. నేను ఎవరింటివాణ్ణో ఎవరో చెప్పగా విని, ఆ కాలితోనే మంచం మీంచి లేచి నిలబడ్డాడు. నేను వద్దనలేదు. పెన్సిలిన్ ఇవ్వాలి. మార్తమ్మ కాన్పుల గదిలో ఉంది. ఆమెకు కబురు పెట్టడం నామోషీ అనిపించింది.

"ఈ సూది ఇంతకుముందు ఏసుకున్నవా? పడకపోవుడు గట్ల ఏమన్న అయిందా?" అని అడిగాను.

"ఏం లే దొరా."

లచ్చవ్వ ఏదో అనబోయింది. అతను ఆమె వంక చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదంతా నేను చూశాను. చూసి కూడా సూది వేశాను.

పావుగంట పట్టలేదు. ముఖం ఉబ్బింది, ఊపిరి అందలేదు. మార్తమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేయగలిగినవన్నీ చేశాం. పోశయ్య మా చేతుల్లోనే పోయాడు.

మార్తమ్మ చేతులు కడుక్కుని, "లచ్చవ్వ బయట కూసున్నది. మీరే చెప్పాలె" అంది.

"నువ్వు చెప్పు. నీ మాటైతే వింటది."

"సూది నేనియ్యలే సాబ్."

వెళ్ళాను. నన్ను చూడగానే లచ్చవ్వ లేవబోయింది. అప్పుడు కూర్చున్నాను, ఆ నేల మీద, మొదటిసారి. ఆమె భర్త పోయాడని చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. ఆమె నా కాళ్ళ వైపే చూస్తూ చెప్పింది.

"పోయినేడు గీ సూదికే మొఖమంత ఉబ్బింది దొరా. చెప్దామంటె కండ్లతోని ఊకోమన్నడు. దొరకు గుస్స వస్తదని."

నేను వాళ్ళ మీద ఏనాడూ కోపపడినవాణ్ణి కాను. కాని మా తాతతండ్రులు పడిన కోపాలన్నీ నేను నిలబడిన తీరులో వాళ్ళకు కనిపించాయి.

విచారణలో మార్తమ్మ జరిగింది జరిగినట్టే చెప్పింది. నన్ను కాపాడలేదు, నా మీద నేరం పెంచి చెప్పనూ లేదు. నా శిక్షణ మరో మూడు నెలలు పొడిగించారు. మర్నాడు వరండాలో ఆమె కొంచెం పక్కకు జరిగింది. ఆ చోట్లో కూర్చున్నాను.

ఆదిలాబాద్‌లో ఉద్యోగం వచ్చి బయలుదేరిన రోజు ఆమెకు దండం పెట్టాలనుకున్నాను. నడుము వంగలేదు. "వస్త" అన్నాను, అంతే. "మంచిగ పోయిరాండ్రి సాబ్. టైముకు తినుండ్రి" అంది. రెండేళ్ళకు ఆమె తన సొంతూరు లక్సెట్టిపేటలో చనిపోయిందని తెలిసింది. నేను అక్కడికి చేరేసరికి సమాధి మీద మట్టి ఎండిపోయి ఉంది. అక్కడ వంగాను. చూసేందుకు ఆమె లేదు.

నేను రోగుల పక్కన నేల మీద కూర్చోవడం చూసి ఎంత నిగర్వి అన్నారు చాలామంది. నేను కాదనలేదు. నిజానికి అది భయం. ఇప్పటికీ ఎవరైనా నేను అడగగానే "ఏం లే" అంటే నా చేయి ఆగిపోతుంది. సూది పళ్ళెంలో పెట్టేసి, పక్కనున్న ఆడమనిషి ముఖం వైపు తిరుగుతాను. ఆమె నోటి మీది కొంగు తీసేదాకా, ఎంతసేపైనా, అలాగే కూర్చుంటాను.