సత్తెమ్మ చెప్పిన ముసుగోడు

“సచ్చిపోయింది బాపమ్మా! ముసుగోని తల్లి సగం కథలనే సచ్చిపోయింది!”

“నోర్ముయ్. ఆఖరి భాగం దాక బతికే ఉన్నది. మెట్ల మీద నిలబడి రోకలితోని దొంగ నెత్తి పగలగొట్టింది ఎవరనుకున్నవ్?”

“రోకలా? అరే, ఆ సీరియల్ల రోకలే లేదు! ఆదివారం పొద్దంత కూసొని మొత్తం చూసిన.”

“అయితే నేను అబద్ధమాడుతున్ననా?”

“నువ్వు కాదు. నీకు చెప్పినామె ఆడింది.”

ఆ మాటకు నా చేతిలోని గమ్ సీసా మూత జారి మంచం కిందికి దొర్లింది. వెతకాలనిపించలేదు. మూత లేకపోతే గమ్ ఎండిపోతుందని తెలిసి కూడా అలాగే కూర్చున్నానంటే నాకెంత కోపం వచ్చిందో నన్ను ఎరిగినవాళ్లకు అర్థమవుతుంది.

శ్రావణి నా కొడుకు బిడ్డ. సూరత్‌లోనే పుట్టి పెరిగింది, ఇప్పుడు కాలేజీకి పోతోంది. స్నేహితులతో హిందీ, కూరగాయల బండివాడితో గుజరాతీ మాట్లాడుతుంది. నాతో పోట్లాడేటప్పుడు మాత్రం మా కరీంనగర్ మాటలే మాట్లాడుతుంది. నన్ను గెలవాలంటే అవే కావాలని దానికి తెలుసు. దాని ఫోన్లో ఆ సీరియల్ మొదలయ్యే చప్పుడు వస్తోంది. ముందు దుకాణం షట్టర్ గర్రున కిందికి దిగుతుంది, ఆ వెంటనే డప్పు మోగుతుంది. ఆరేళ్ల తర్వాత ఆ చప్పుడు చెవిన పడగానే నాకు సత్తెమ్మ గొంతు వినిపించింది. “వచ్చిండే, వచ్చిండు! కండ్లు పని మీద పెట్టున్రి, చెవులు నాకియ్యున్రి!”

గొడవ ఎందుకు వచ్చిందంటే, ఆ సీరియల్ రెండో కథ ఇప్పుడు కొత్తగా వచ్చింది. మర్నాడు పొద్దున మా ఇంట్లో పనికి కూర్చునే ఆడవాళ్లందరికీ టీవీలో పెట్టి చూపిస్తానని శ్రావణి మాట ఇచ్చింది. తల్లిని చంపినవాడి మీద కొడుకు పగ తీర్చుకోవడమే రెండో కథట. “మీ అందరికీ మొదటి కథ తప్పుగ తెలుసు. రేపు నేనే అసలు సంగతి చెప్తా” అంది. అంటే రేపు పొద్దున, నా ఇంట్లో, నా టీవీ ముందు, సత్తెమ్మ అబద్ధాలకోరు అని తేలిపోతుంది. ఆమె పోయి రెండేళ్లయింది. తన తరఫున మాట్లాడటానికి ఆమె లేదు.

సత్తెమ్మ ఎవరో మీకు తెలియదు కాబట్టి మొదటి నుంచి చెప్తాను. మేముండేది సూరత్‌లోని పర్వత్ పాటియాలో. అప్పట్లో మా గది కింద మరమగ్గాల కార్ఖానా ఉండేది. మావైపు వాటిని సాంచాలంటారు. అవి తెల్లవార్లూ కొట్టుకుంటూనే ఉండేవి. గోడకు వీపు ఆనిస్తే పళ్లు టకటకలాడేవి. ఆ చప్పుడులో మనిషి మాట వినిపించాలంటే అరవాలి. మా వీధి ఆడవాళ్లవి పెద్ద గొంతులని బయటివాళ్లు అంటారు. సాంచాల మీద బతికినవాళ్లు గుసగుసలు ఎక్కడ నేర్చుకుంటారు? మగవాళ్లు కార్ఖానాలకు పోయాక పదిమందిమి మా గదిలో చేరి చీరలకు మెరిసే రాళ్లు అంటించేవాళ్లం. బియ్యపు గింజకన్నా చిన్న రాయి. గమ్ చుక్క పెట్టి, ఆరేలోపు రాయి పెట్టాలి. తల ఎత్తితే వరుస వంకర పోతుంది, వంకర పోతే సేఠ్ చీర తిప్పి పంపుతాడు.

సత్తెమ్మ మా ఎదురింట్లోకి దిగినప్పుడు ఆమె కుడిచేతి వేళ్లు రెండు వంగేవి కావు. బాబిన్లు చుట్టే మిషన్‌లో నలిగాయట. అయినా పనికి వచ్చింది. ఎడమ చేత్తో అంటించి ఒకే రోజున మూడు చీరలు పాడుచేసింది. నేను ఊరుకునే మనిషిని కాను. “చేతగాకపోతే ఇంట్ల కూసో. మా నోటికాడి బువ్వ చెడగొట్టకు” అన్నాను. పదిమంది ముందే అన్నాను. ఆమె గమ్ సీసా మూత బిగించి, నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది, ఉత్త చేతులతో. మా టీవీ ముందు చిన్న పీట వేసుకొని కూర్చుంది. ఆ టీవీ నా కొడుకు కొన్నది. దుమ్ము పడకుండా పాత లంగా కప్పి ఉంచేదాన్ని. పండగలకు తప్ప తీసేదాన్ని కాదు.

“మల్లక్కా, జర టీవీ పెట్టరాదు.”

“కరెంటు మీ తాత ఇస్తడా?”

“మీరెట్లాగు తలెత్తి చూడలేరు, చప్పుడుకు వినలేరు. నేను దగ్గర కూసొని చూసి చెప్త. ఒక్క దినం చెప్పనియ్యి. నచ్చకపోతే రేపటి నుంచి నా మొకం చూడకు.”

మిగతావాళ్లు “పెట్టక్కా, పెట్టు” అని వెంటపడ్డారు. పెట్టాను. మధ్యాహ్నం పూట కేబుల్‌లో ఆ సీరియల్ రోజూ కొంచెం కొంచెంగా వచ్చేది. ఒక బస్తీలో సైకిళ్లు బాగుచేసే పిల్లవాడు నల్ల ముసుగు కట్టుకొని తన వీధిని కాపాడతాడు. గాలిలో ఎగరడు. నాలుగంతస్తులు ఎక్కితే ఆయాసపడతాడు. దెబ్బలు కొట్టిన దానికన్నా తిన్నవే ఎక్కువ. మేము తలలు వంచుకొని రాళ్లు పెడుతుంటే, సత్తెమ్మ టీవీకి చెవి ఆనించి విని, మా వైపు తిరిగి గొంతెత్తి చెప్పేది. ఆ రోజు ఎవరూ నీళ్లకని లేవలేదు, పక్కవాళ్ల కోడళ్ల ముచ్చట్లు పెట్టలేదు. సాయంత్రం చూస్తే రోజూకంటే రెండు చీరలు ఎక్కువ తయారయ్యాయి. మర్నాడు లంగా నేనే తీశాను. కథ మీద ఇష్టంతో కాదు, ఆ రెండు చీరల కోసం.

ఆ కథకు మా వాళ్లు పెట్టిన కేకలు వింటే ఆ పిల్లవాడు ముసుగు విప్పి పారిపోయేవాడు. సత్తెమ్మ “గల్లీలకు పోతుండు” అంటే, పక్కింటి పోశవ్వ వంచిన తల వంచినట్లే “ఒక్కడివి పోకురా, కుక్కలున్నయి!” అని అరిచేది. కత్తిగాటు పడిందంటే “పసుపు పెట్టుకోమను” అని నలుగురు ఒకేసారి అనేవాళ్లు. ఒకసారి ముసుగు చిరిగింది. ఆ రోజు కథ అక్కడే ఆగిపోయింది.

“ఏం బట్ట సత్తెమ్మా అది?”

“నల్లగ మెరుస్తుంది.”

“పాలిస్టరే. చెమట పీల్చదు. పిలగానికి మొకమంత పొక్కులొస్తయ్.”

“కుట్టు ఎట్లున్నది? ఒంటి కుట్టా, రెండు కుట్లా?”

“కనవడ్తలేదే!”

“ఒంటి కుట్టే అయ్యుంటది. గందుకే చిరిగింది. మన వీధిల అడిగితే కుట్టియ్యకపోదుమా?”

దొంగలు పట్టుబడ్డారో లేదో ఆ పూట ఎవరూ అడగలేదు. సూరత్‌లో బతికేవాళ్లకు ముందు బట్ట సంగతి తేలాలి.

ఆ పిల్లవాడికి తల్లి ఒకామె ఉండేది. ఇంట్లోకి వస్తే “బల్బు ఆర్పు” అంటుంది, బయటికి పోతే “చెప్పులు అరిగిపోతాయి, మెల్లగా నడువు” అంటుంది. సత్తెమ్మ ఆమె మాటలు మొదటిసారి చెప్పగానే అందరూ ఓరకంట నా వైపు చూశారు. తర్వాత పోశవ్వ కిసుక్కున నవ్వింది. “గీమె అచ్చం మన మల్లక్కనే!” ఇక ఆ రోజు నుంచి ఆ తల్లి పేరు మల్లక్క. టీవీలో ఆమె కనిపించినప్పుడల్లా “మల్లక్క వచ్చింది, ఫ్యాను బంద్ చెయ్యున్రి” అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. పోశవ్వ ఇంకో ప్రతిపాదన తెచ్చింది. పదిమందీ తలా జానెడు అంచు చేసి రోజుకొక చీర కూలి సత్తెమ్మకు ఇద్దామంది. “టీవీ చూసినందుకు కూలా?” అని నేను ఆ మాటను అక్కడే తుంచేశాను. సత్తెమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. “మల్లక్కకు కోపమొస్తే కరెంటు బందైతది, ఊకోండ్రి” అని నవ్వేసింది.

తర్వాత కొన్నాళ్లకు నాకు కడుపులో గడ్డ లేచి ఆపరేషన్ అయింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఇంటికి వచ్చి పడుకుంటే సత్తెమ్మ మంచం పక్కన పీట వేసుకొని, నేను లేని వారం కథంతా చెప్పింది. ఆ వారంలో ఆ తల్లి చేయని పని లేదు. దొంగల నాయకుడిని ఇంటికి పిలిచి చాయ్ పోసి, “చక్కెర రెండో చెంచా అడిగితే చెయ్యి ఇరగ్గొడ్త” అందట. రోకలి పట్టుకొని మెట్ల మీద కాపలా కాసిందట. పోలీసులు వస్తే, “నా కొడుకు ముసుగు వేసుకున్నడా? మాకంత బట్ట ఎక్కడిది?” అని కసిరిందట. కుట్లు చేత్తో పట్టుకొని నవ్వాను. నవ్వొద్దని డాక్టరు చెప్పాడని తిట్టుకుంటూ నవ్వాను. నా తిట్లు ఎదుటివాళ్లకు ఎలా వినిపిస్తాయో అంతకుముందు నాకు తెలియదు. సత్తెమ్మ నోట వింటే వాటిలో తిట్టుకన్నా భయం ఎక్కువ ఉందని, ఆ భయమంతా పిల్లల మీదే ఉందని తెలిసింది. లేచి తిరగగలిగిన మొదటి రోజున సత్తెమ్మ చీరకు జానెడు అంచు నేనే ముందు అంటించాను. ఆమె బతికినన్నాళ్లూ ఆ రోజుకొక చీర కూలి ఆగలేదు.

ఇప్పుడు మళ్లీ గొడవ దగ్గరికి వస్తాను. మా కేకలు విని పక్కింటి నుంచి పోశవ్వ వచ్చింది. కార్ఖానా ఊరవతల సచిన్ అనే చోటికి తరలిపోయి ఏడాదయింది. సాంచాలు లేవు కనుక ఇప్పుడు మా మాటలన్నీ వీధికి వినిపిస్తాయి.

“పోశవ్వా, నువ్వే చెప్పు. ఆ తల్లి చచ్చిందా, బతికిందా?”

పోశవ్వ నా వైపు చూసింది, శ్రావణి వైపు చూసింది. కొంగుతో నోరు మూసుకుంది.

“సచ్చింది మల్లక్కా.”

“ఎప్పుడు?”

“నిన్ను ఆపరేషన్‌కు తీస్కపోయిన దినమే. మధ్యాహ్నం కథల ఆమెను మెట్ల మీది నుంచి తోసేసిన్రు. మేమంత తలకాయలు వంచి పని చేస్తున్నం. సత్తెమ్మ చెప్పుడు ఆపింది. నేను తలెత్తి చూస్తే తల్లి కింద పడి ఉన్నది, పిలగాడు మీద పడి ఏడుస్తుండు. ఇగ అందరం చూసినం. నీ ఆపరేషన్ ఏమైందో ఇంకా తెల్వలేదు కదా, ఆ తల్లికేమో నీ పేరే పెట్టుకున్నం. అప్పుడు ఎల్లవ్వ మెల్లగ అడిగింది, ‘ఎందుకేడుస్తుండు సత్తెమ్మా?’ అని.”

“ఏమన్నది?”

“‘అమ్మ తిట్టింది’ అన్నది. ‘మల్లక్క తిడితే ఎవలేడ్వరు’ అన్న నేను. అందరం తలకాయలు వంచుకున్నం. ఆ దినం నుంచి ఆమె వంటింట్ల ఉన్నదంటే ఉన్నది, రోకలి పట్టిందంటే పట్టింది. మేం మళ్ల తలెత్తలే.”

“పదిమందికీ తెలుసా?”

“అందరికీ తెలుసు. నీకు తప్ప.”

శ్రావణి ఫోన్ ఆపేసింది. నేను లేచి, మంచం కింద దూరి, గమ్ సీసా మూత వెతికి బిగించాను.

చదువుకున్నది రెండో తరగతి దాకానే అయినా, నిజమేదో అబద్ధమేదో నాకు బాగా తెలుసనుకునేదాన్ని. పిల్లలు అబద్ధమాడితే అట్లకాడతో వాతపెడతానని బెదిరించేదాన్ని. పదిమంది ముందు నా చేత పనికిరావని తిట్లు తిన్న మనిషి, పదిమంది ముందే నన్ను చావనివ్వలేదు. దానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. అబద్ధం అని మాత్రం పెట్టను.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అందరూ వచ్చారు. చీరలు పరిచారు, గమ్ సీసాలు తీశారు. శ్రావణి టీవీ పెట్టింది. షట్టర్ గర్రున దిగింది, డప్పు మోగింది. నేను నా చీర మడిచి పక్కన పెట్టి, అటక మీది నుంచి సత్తెమ్మ పీట దించి, టీవీ ముందు వేసుకొని కూర్చున్నాను. టీవీలో గోడకు ఆ తల్లి ఫోటో, ఫోటోకు పూలదండ, ముందు ఒక దీపం. కొడుకు ఎదురుగా నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

తలలన్నీ చీరల మీదే ఉన్నాయి.

“ఏమైతుందే మల్లక్కా?” అని పోశవ్వ అడిగింది.

“తల్లి కొత్తగ ఫోటో దిగింది. గంత పెద్ద దండ ఎందుకు తెచ్చినవ్, పొద్దుగాలనే దీపమెందుకు, ఆర్పు అని కొడుకును తిడుతుంది.”

“తిట్టదా మరి” అంది పోశవ్వ. శ్రావణి రిమోట్ తీసుకొని టీవీ చప్పుడు తగ్గించింది.