చెక్‌పోస్టు దాటకముందే

ఇది 2003లో, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగింది. బెంగళూరులో మహదేవపుర వైపు రింగ్ రోడ్డు పొడవునా ఆఫీసు భవనాలు లేస్తున్న కాలం. నేను అప్పటికి చాలా ఏళ్ళుగా హర్స్ వ్యాన్ నడుపుతున్నాను. ఆస్పత్రుల్లో దాన్ని అలా అంటారు, మా వీధిలోవాళ్ళు శవాల బండి అంటారు. పాత మెటాడోర్ ఒకటి కొని, వెనక సీట్లు తీయించి, ఒక పక్క ఐస్ పెట్టె, ఇంకో పక్క బంధువులు కూర్చోవడానికి చెక్కబల్ల వేయించాను. డ్రైవరు క్యాబిన్‌కీ వెనక భాగానికీ మధ్య జరిపే అద్దం ఉన్న చిన్న కిటికీ ఉండేది.

భయం వేయదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. చనిపోయినవాళ్ళతో నాకు ఏ రోజూ ఇబ్బంది రాలేదు. ఇబ్బందంతా వాళ్ళ వెంట రావలసిన కాగితాలతోనే. జబ్బు చేసి పోతే డాక్టరు సర్టిఫికెట్ చాలు. ప్రమాదంలో పోతే మాత్రం పోలీసులు రావాలి, యు.డి.ఆర్. రాయాలి, అంటే అసహజ మరణమని నమోదు చేయాలి. తర్వాత సర్కారు ఆస్పత్రిలో పి.ఎం. జరగాలి. పోస్టుమార్టాన్ని మేము పి.ఎం. అనే అంటాం. ఇవన్నీ అయ్యాకే శవం ఇంటివాళ్ళ చేతికొస్తుంది.

ఆ రోజు ఒక చిన్న ప్రైవేటు క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. అనంతపురం జిల్లాలో కదిరి పక్క పల్లెకు కిరాయి. నేను వెళ్ళేసరికి శవాన్ని మెడదాకా గుడ్డ చుట్టి వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. గోడకు ఆనుకుని ఒకామె నిలబడి ఉంది. పేరు ఓబుళమ్మ. చనిపోయింది ఆమె భర్త నారాయణ. ఇద్దరూ దగ్గర్లో కడుతున్న ఒక భవనంలో కూలీలు, అక్కడి రేకుల షెడ్డులోనే కాపురం. అన్నీ దగ్గరుండి చూస్తున్నవాడు కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజరు రాజణ్ణ.

"హార్ట్ అటాక్ అప్పా. డాక్టరు లెటర్ ఉండాది. బేగ ఎత్తు. పొద్దు మునిగే లోపల ఊర్లో దహనం అయిపోవాల" అన్నాడు.

తలవైపు నేను పట్టుకున్నాను. తల కింద చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది. గుండె ఆగి పోయినవాడి తల వెనక భాగం అలా మెత్తగా ఉండదు. జుట్టులో సిమెంటు పాలు ఎండి అట్టలు కట్టాయి. నేను రాజణ్ణ వైపు చూశాను.

"పోలీసులకు చెప్పినారా?"

"హార్ట్ అటాక్‌కు పోలీసులెందుకప్పా? సుమ్నె నడుపు, మాట్లాడొద్దు. నీ కిరాయి నీకొస్తుంది కదా."

నేను రానంటే అతను ఇంకో బండిని పిలుస్తాడు. ఆ డ్రైవరు ఎలాంటివాడో నాకు తెలియదు. ఆమెతో ఒంటరిగా ఒక్క మాట మాట్లాడే వీలు దొరికితే చూద్దామనుకుని ఇంజన్ స్టార్ట్ చేశాను.

బండి కదలబోతుండగా ఆమె కిటికీ దగ్గరకొచ్చింది. "అన్నా, నా బిడ్డ షెడ్డులో ఉండాది. ఎక్కించుకోని పోదాం."

"నీ ఆడబిడ్డ దగ్గర ఉండాది కదమ్మా. రేపు వాళ్ళతోపాటు బస్సులో పంపిస్తాం" అని నాకంటే ముందు రాజణ్ణ జవాబిచ్చాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఆమె ముఖంలో ఏడుపు లేదు. ఇద్దరు మనుషులు రెండు పక్కల నుంచి లాగుతుంటే ఎటూ కదలలేని మనిషి ముఖం అది.

హెబ్బాళ దాటి బళ్ళారి రోడ్డెక్కాం. రాజణ్ణ నా పక్క సీట్లో కూర్చుని మాటిమాటికీ సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. దేవనహళ్ళి దాటాక దానికి సిగ్నల్ పోయింది. అప్పటినుంచి అతనికి కుదురు లేదు. కిటికీ అద్దం జరిపి వెనక్కి తిరిగాడు.

"ఓబుళమ్మా, ఊర్లో ఎవరన్నా అడిగితే ఏమని చెప్తావు?"

జవాబు కోసం అతను ఆగలేదు.

"ఎదలో నొప్పి అన్నాడు, పడిపోయినాడు అని చెప్పాల. తెలిసిందా? ఇంగో మాట చెప్తే నీ ఆడబిడ్డకు పని పోతాది. షెడ్డు కూడా ఖాళీ చేయాల. నీ బిడ్డ యాడుంటాదో నువ్వే ఆలోచించుకో."

నేను రోడ్డునే చూస్తూ నడిపాను. ఆంధ్ర సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఏం మాట్లాడాలో తనకు తెలుసనీ, నేను నోరు విప్పనక్కర్లేదనీ రాజణ్ణ అన్నాడు.

చిక్కబళ్ళాపురంలో రోడ్డు పక్కన ఎస్.టి.డి. బూత్ చూసి బండి ఆపమన్నాడు. కాంట్రాక్టరుకు ఎంతదూరం వచ్చామో చెప్పాలట. బూత్‌కు అద్దాల తలుపు. లోపలినుంచి ఫోన్ చెవిన పెట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. నేను తల తిప్పకుండా, పక్క అద్దం తుడుస్తున్నట్టు చెయ్యి బయటపెట్టి మాట్లాడాను.

"అమ్మా, నా వైపు చూడద్దు. ఆయప్పకు ఏమైంది?"

కిటికీ లోంచి సన్నగా గొంతు వచ్చింది. "సెంట్రింగ్ కూలిందన్నా. కింద నిలబడి ఉన్నాడు. నేను ఇసుక మోస్తాండా. చూస్తాండంగానే అయిపాయ."

స్లాబు కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే కర్రలు, పలకల ఏర్పాటునే సెంట్రింగ్ అంటారు. అది కూలితే కింద ఉన్నవాడు బతకడు.

"పని చేసే తావులో మనిషి పోతే పెండ్లానికీ బిడ్డలకీ నష్టపరిహారం ఇయ్యాల. చట్టం ఉండాది. ఎవరో దయదలచి ఇచ్చేది కాదు. అయితే పోలీసు కేసు కావాల, పి.ఎం. కావాల. ఊరికి పోయి కాల్చినాక ఏమీ మిగలదు. ఎవరూ నమ్మరు."

"నా బిడ్డ వాళ్ళ చేతిలో ఉండాదన్నా."

"మా ఇల్లు అక్కడికి దగ్గరే. నా భార్యను పంపించి పిలిపిస్తా."

"ఆలోపల ఏమన్నా చేస్తే?"

రాజణ్ణ ఫోన్ పెట్టేసి డబ్బులిస్తున్నాడు. నేను గబగబా చెప్పాను. "బలవంతం లేదమ్మా. నువ్వు ఒద్దంటే నేరుగా మీ ఊరికే పోతా. బాగేపల్లిలో పోలీస్ స్టేషన్ ఉండాది. అది దాటితే చెక్‌పోస్టే, ఇంక వేరే రాష్ట్రం. ఆపమంటే ఈ అద్దం మీద కొట్టు."

రాజణ్ణ వచ్చి కూర్చున్నాడు. "ఏమంటా ఉండాది?" అన్నాడు.

"నీళ్ళు అడిగింది" అన్నాను. సీసా వెనక్కి అందించాను. ఆమె తీసుకుంది.

చిక్కబళ్ళాపురం నుంచి బాగేపల్లి దాకా ఆ రోడ్డు మీద నేను లెక్కలేనన్ని సార్లు తిరిగాను. ఏ రోజూ అంత పొడుగ్గా అనిపించలేదు. రెండు పక్కలా బండరాళ్ళ గుట్టలు, వడగాలి. ప్రతి గుంతకూ అద్దం టకటకమనేది. ప్రతిసారీ ఆమె కొట్టిందేమోనని చెవి ఒగ్గేవాణ్ణి. నాకై నేను స్టేషన్‌కు తిప్పేయవచ్చు. కానీ బిడ్డ ఆమెది. జరగరానిది జరిగితే అనుభవించేది కూడా ఆమే. వేగం తగ్గించి నడిపాను.

"ఎందుకప్పా ఎడ్లబండి మాదిరి పోతావు?"

"ఇంజన్ వేడెక్కింది."

బాగేపల్లి ఇళ్ళు మొదలయ్యాయి. ఇంక ఆమె కొట్టదని అనుకున్నాను. అప్పుడు అద్దం మీద మూడుసార్లు గట్టిగా దెబ్బలు పడ్డాయి. వేళ్ళతో కాదు, గాజులున్న మణికట్టుతో కొట్టింది.

నేను స్టేషన్ వైపు తిప్పాను. రాజణ్ణకు అర్థమైపోయింది. "ఏయ్, యాడికి?" అంటూ స్టీరింగ్ పట్టుకుని ఎడమకు లాగాడు. బండి ఒక పళ్ళ తోపుడుబండి పక్కనుంచి రాసుకుంటూ పోయింది. నేను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. జనం పరిగెత్తుకొచ్చారు. గేటుకు అడ్డంగా ఆగిపోయాం. లోపలినుంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు బయటికొచ్చారు.

ఎస్.ఐ. తెలుగు బాగా మాట్లాడేవాడు. కర్ణాటకలోనే ఉన్నా ఆ ఊళ్ళో ఎక్కువమందిది తెలుగే. రాజణ్ణ డాక్టరు లెటర్ చూపించి, డ్రైవరు తాగి ఉన్నాడనీ, ఆడమనిషిని రెచ్చగొడుతున్నాడనీ చెప్పాడు. ఎస్.ఐ. ఓబుళమ్మను అడిగాడు.

"చెప్పమ్మా. నీ మొగుడు ఎట్ల చచ్చిపోయినాడు?"

ఆమె రాజణ్ణ వైపు చూసింది. "ముందు నా బిడ్డను తెప్పించండి సార్. దాని గొంతు ఇన్నాక చెప్తా."

"ఇది నీ ఇల్లు కాదమ్మా. జరిగింది బెంగళూరులో, మా లిమిట్స్ కాదు. చెప్పేది ఉంటే చెప్పు, లేదంటే శవాన్ని తీస్కపో. ఈ ఎండలో ఎంతసేపు పెట్టుకోవాల నేను?"

నేను ఆయన కాళ్ళ మీద పడినంత పని చేసి ఒక ఫోన్ చేసుకుంటానని అడిగాను. ఆయన విసుగ్గానే ఫోన్ నా వైపు జరిపాడు. ఇంట్లో నా భార్య సరోజ ఎత్తింది. విషయం చెప్పి, ఓబుళమ్మను అడిగి బిడ్డ పేరు అంజినమ్మ అనీ, దొరకగానే స్టేషన్ నంబరుకు చేయమనీ చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఆటోలో పోతా" అని పెట్టేసింది.

ఆ ఎదురుచూపు నేను మర్చిపోలేను. ఐస్ కరిగి బండి కింద నీళ్ళు ధార కడుతున్నాయి. రాజణ్ణ గొంతు మార్చి ఓబుళమ్మ పక్కన కూర్చుని, కాంట్రాక్టరు మంచివాడనీ, బిడ్డ చదువు చూసుకుంటాడనీ నచ్చజెబుతున్నాడు. మధ్యలో స్టేషన్ ఫోన్ తీసుకుని తనవాళ్ళకు చెప్పాలని చూశాడు, స్టేషన్ కాగితాలు రాసే రైటరు ఇవ్వలేదు. బయటికి, బూత్‌కు పోతానన్నాడు. అప్పటిదాకా విసుక్కుంటున్న ఎస్.ఐ. తలెత్తి, "హార్ట్ అటాక్ అంటివి కదా, ఎందుకు ఇంత అవసరం? కూర్చో" అన్నాడు. ఆయనకు అనుమానం పుట్టింది అప్పుడే. ఒక కానిస్టేబుల్‌ను పంపి గుడ్డ తీయించి శవాన్ని చూడమన్నాడు. ఆ కానిస్టేబుల్ తిరిగొచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

ఫోన్ మోగింది. సరోజ. ఎస్.ఐ. రిసీవరు ఓబుళమ్మకు ఇచ్చాడు. అవతల చిన్నపిల్ల గొంతు. ఆమె "తిన్నావా మా?" అని మాత్రం అడిగింది. విని, తలూపి, రిసీవరు బల్ల మీద పెట్టేసింది. దాన్ని జాగాలో పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు. ఎస్.ఐ. వైపు తిరిగి, ఆపకుండా అంతా చెప్పింది. కర్రలు చాలవని నారాయణ పొద్దున మేస్త్రీతో గొడవపడ్డాడనీ, పని ఆపితే వెళ్ళిపొమ్మన్నారనీ, స్లాబు కూలాక ఇంకా ఊపిరి ఉండగానే క్లినిక్‌కు ఎత్తుకుపోయారనీ, అక్కడ ఆ లెటర్ రాయించారనీ. చెబుతూ చెబుతూ ఆ రోజు మొదటిసారి ఏడ్చింది.

సరోజ ఆ తర్వాత నాకు చెప్పింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, "శవాల బండివాళ్ళం. కొరివి పెట్టను బిడ్డను తెమ్మని రాజణ్ణే పంపినాడు" అందట. వాడు గేటు తీశాడు.

ఎస్.ఐ. బెంగళూరు స్టేషన్‌కు ఫోన్ చేసి, ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చి, రాజణ్ణతో సహా మమ్మల్ని వెనక్కి పంపాడు. యు.డి.ఆర్. రాశారు, పి.ఎం. జరిగింది. నారాయణను రెండు రోజుల తర్వాత అదే బండిలో ఊరికి తీసుకెళ్ళాను. ఈసారి ఐస్ పెట్టె పక్కన బల్ల మీద తల్లీ బిడ్డా ఇద్దరూ ఉన్నారు.

ఆ తర్వాతంతా సాఫీగా సాగలేదు. కార్మికుల నష్టపరిహారం కమిషనరు ముందు కాంట్రాక్టరు, నారాయణ అనే మనిషి తమ దగ్గర పనే చేయలేదన్నాడు. హాజరు పట్టీలో పేరు లేదన్నాడు. సాక్షిగా నేను నిలబడ్డాను, నారాయణ చెల్లెలు లక్ష్మక్క నిలబడింది. ఆమెను అప్పటికే షెడ్డు నుంచి వెళ్ళగొట్టారు. మడివాళలో పాచిపని చేసుకుంటూ ప్రతి వాయిదాకూ కూలి పోగొట్టుకుని వచ్చేది. నా బండి అద్దాలు ఒకసారి పగిలాయి. ఆ చుట్టుపక్కల క్లినిక్‌లు నన్ను పిలవడం మానేశాయి. ఏళ్ళు పట్టింది. చివరికి తీర్పు ఓబుళమ్మ వైపు వచ్చింది. సొమ్ము ఆమె పేరా, బిడ్డ పేరా బ్యాంకులో వేశారు, నెలనెలా వడ్డీ వచ్చేలా. ఆమె మళ్ళీ బెంగళూరుకు కూలికి రాలేదు. అంజినమ్మ కదిరిలో హైస్కూలుకు పోతోందని చివరిసారి ఫోన్‌లో చెప్పింది.

అలాంటి చట్టం ఉందని నాకు ఆ రోజుకు ముందే తెలుసు. ఎందరికో చెప్పాను కూడా. విన్నవాళ్ళు తల వంచుకుని శవాన్ని తీసుకెళ్ళిపోతుంటే, తెలివితక్కువవాళ్ళనీ, పిరికివాళ్ళనీ అనుకునేవాణ్ణి. ఓబుళమ్మకు చట్టం అర్థమవడానికి రెండు మాటలు చాలాయి. నోరు విప్పడానికి మాత్రం బిడ్డ గొంతు వినాల్సి వచ్చింది. హక్కు ఉందని చెప్పడం సులభం. దాన్ని అడిగే మనిషి కాళ్ళ కింద ముందు కాస్త నేల ఉండాలి. తలదాచుకునే చోటు, కూలి, పిల్లలు అన్నీ ఒకే యజమాని గుప్పిట్లో ఉన్నప్పుడు ఆ నేల ఉండదు. సర్కారు ఇచ్చే రక్షణ అక్కడిదాకా వచ్చి గేటు బయటే నిలబడిపోతుంది.

ఇప్పటికీ నేను బండి నడుపుతున్నాను. శవాన్ని ఎత్తేముందు కాగితాలు అడుగుతాను, ఎలా పోయాడని అడుగుతాను. అయితే వాటికంటే ముందు, కిరాయి మాట్లాడేవాణ్ణి పక్కకు పంపి, ఏడుస్తున్న మనిషి దగ్గరకు పోయి అడిగే మాట ఒకటుంది.

"పిల్లలు యాడ ఉండారమ్మా?"