ఇనుప రోలు కడిగిన ఆదివారం

అరవై తొమ్మిదిలో దిల్‌సుఖ్‌నగర్ అంటే ఊరి బయట. విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్ష తోటలు, మధ్యమధ్య ఇళ్ళు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు దాటాలంటే పావుగంట పడుతుంది. అప్పుడు అక్కడ సైకిలు ఆపి, ద్రాక్ష పందిరి కింద నిలబడి బావి నీళ్ళు తాగేవాణ్ణి. ఆ రోడ్డు పక్కనే ఒక పాత ఇల్లు కిరాయికి తీసుకుని మా ఆఫీసువాళ్ళు రాళ్ళ గోదాము పెట్టారు. రాళ్ళకు గోదామేందని మా కొత్తపేటలో అందరూ ఆటపట్టించేవాళ్ళు. పిల్లనిచ్చిన మామ కూడా "అల్లుడు సర్కారు కొలువే చేస్తడు గని, రాళ్ళు కొడ్తడు" అని చుట్టాలతో అనేవాడట.

అబద్ధమేమీ కాదు, రాళ్ళే కొట్టేవాణ్ణి. జీపులో మూడు గంటల దూరంలో ఒక గుట్ట ఉండేది. దాని రాళ్ళ మీద అక్కడక్కడ పచ్చటి మరకలు. లోపల రాగి ఉంటే రాయి అలా పచ్చబడుతుంది. రాగి ఉన్నచోట వెండి, అదృష్టం బాగుంటే బంగారం కూడా ఉండొచ్చు. ఉందో లేదో, ఉంటే గని తవ్వేటంత ఉందో లేదో తేల్చే పని మాది. రాళ్ళ సంగతి చదువుకున్న జియాలజిస్టు మా సారు. ఆయన గుట్ట మీద కందకాలు తవ్వించి, గజానికో చోట రాతి ముక్కలు చెక్కించి, గుడ్డ సంచుల్లో నంబరు చీటీలు వేసి పంపేవారు. నేను వాటిని ఇనుప రోట్లో దంచి, జల్లెడ పట్టి, పొడిని కుప్ప పోసి రొట్టెలా అదిమేవాణ్ణి. దాన్ని నాలుగు ముక్కలు చేసి ఎదురెదురు ముక్కలు రెండు ఉంచి, రెండు పారెయ్యాలి. ఉన్నదాన్ని మళ్ళీ కుప్ప పోసి మళ్ళీ నాలుగు చెయ్యాలి. చివరికి పిడికెడు మిగిలేది, అది పరీక్షకు పోయేది. అంత పెద్ద గుట్ట గురించి ఆ పిడికెడు పొడి ఏం చెబితే అదే మాట.

అందుకే సారుకు శుభ్రం పిచ్చి. సంచికీ సంచికీ మధ్య రోలు కుంచెతో ఊడవాలి. పొద్దున పని మొదలుపెట్టేముందు ఏ లోహమూ లేని తెల్ల పలుగురాయి ఒకటి దంచి, ఆ పొడి పారబోయాలి. ఆ రోలు పాతది, అడుగున సన్నసన్న గుంటలు పడి ఉండేవి. "దాని పళ్ళ సందుల్లో నిన్నటి రాయి ఇరుక్కుని ఉంటుంది, ముందు పళ్ళు తోమవయ్యా" అని నవ్వేవారు. సారుది కృష్ణా జిల్లా వైపు. కాపలాకని చేరిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని నేర్పిందీ, భూతద్దం కంటికి ఆనించి రాయిని ఎలా చూడాలో చూపిందీ ఆయనే. రోజుకూలీగా ఉన్న నన్ను పర్మినెంటు చెయ్యమని పైకి కాగితం కూడా రాశారు.

ఆ సంవత్సరమే తెలంగాణ ఉద్యమం రాజుకుంది. బడులు మూతపడ్డాయి, బందులు, కర్ఫ్యూలు. మా కొలువులు మాకే కావాలని నేనూ ఊరేగింపుల్లో గొంతు పోయేలా అరిచాను. మా వాడకట్టులో డిగ్రీ చదివి ఖాళీగా కూర్చున్నవాళ్ళను చూసినవాణ్ణి, ఆ కోపం న్యాయమైనదని ఇప్పటికీ అంటాను. సారు మాత్రం భార్యాపిల్లల్ని ఊరికి పంపేసి, గోదాముకు తాళం వేసి, రెండో తాళంచెవి నా చేతిలో పెట్టారు. "నువ్వు ఇక్కడివాడివి, నిన్నెవరూ ఏమనరు. అప్పుడప్పుడు చూసి రా అబ్బాయ్" అన్నారు.

ఆ బందుల్లోనే మా అక్క మొగుడు సైదాబాద్ నుంచి వచ్చాడు. పాతబస్తీ కంసాలి దుకాణాల్లో ఊడ్చిన దుమ్మూ, బంగారం కరిగించి పగిలిపోయిన మట్టి మూసలూ కొనుక్కొచ్చి, దంచి, కడిగి, అందులో అంటుకున్న రవ్వంత బంగారం తీసి అమ్ముకోవడం అతని పని. దుకాణాలు మూసి ఉన్నాయి, కానీ ఇంట్లో పాత మూసలు రెండు బస్తాలు మిగిలాయట. వాళ్ళ రాతి రోలు పగిలిపోయింది.

"బామ్మర్దీ, జర గా ఇనుప రోలు ఇయ్యరాదు. నాలుగు దినాల్ల తెచ్చిస్త" అన్నాడు.

"సర్కారుది బావా."

"సర్కారేమన్న దంచుతున్నదా ఇప్పుడు? అంత బందే గదా. మీ అక్క పరేషాన్‌ల ఉన్నది."

అక్క పేరెత్తాక గోదాము తాళం తీశాను. ఇద్దరం కలిసి రోలూ రోకలీ రిక్షా ఎక్కించాం. నాలుగు దినాలన్నవాడు పది దినాలకు తెచ్చాడు. కడిగే తెచ్చాడు పాపం, నల్లగా నిగనిగలాడుతోంది. అందులో ఏం దంచాడో నాకు తెలుసు. తెలిసీ బుర్రకు తట్టలేదు.

మధ్యలో కాస్త సద్దుమణిగినప్పుడు గుట్ట నుంచి పదకొండు సంచులు ఒక్కసారే దిగాయి. మళ్ళీ బందు మొదలయ్యేలోపు తెమల్చాలని తొందర. ఆ పొద్దున తెల్లరాయి దంచలేదు. బద్ధకమే, ఇంకో పేరు పెట్టను. పదకొండూ దంచి పంపేశాను. మళ్ళీ గొడవలు ముదిరాయి, రోలు మూల పడింది.

ఫలితాల కాగితం పట్టుకుని సారు గోదాముకు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. అన్నింట్లోనూ బంగారం, వెండి. నాకు చాయ్ ఇప్పించి, "ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూడలేదు అబ్బాయ్" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకూ సంతోషమైంది. తరవాత కాగితం చూశాను. మొదట దంచిన సంచిలో చాలా ఎక్కువ, రెండోదాంట్లో కాస్త తక్కువ, మూడోదాంట్లో ఇంకాస్త తక్కువ. ఆఖరి సంచి దాకా అదే వరుస. మా బావ మూసలు అప్పుడు గుర్తొచ్చాయి.

రిపోర్టు మర్నాడు పోతుంది. అంటే నాకు ఒక పగలంతా ఉంది. చెప్పలేదు. ఇంట్లో భార్యకు ఏడో నెల, పర్మినెంటు కాగితం పైఆఫీసు బల్లమీద ఉంది, రోలు బయటికిచ్చానంటే ఉన్నది కూడా ఊడుతుంది. ఇవన్నీ నిజాలే. వాటి వెనక దాక్కున్నది మాత్రం పిరికితనం.

పైవాళ్ళు గుట్టకు వచ్చి, అవే కందకాల్లో అవే చోట్ల రాళ్ళు చెక్కి, వేరే ఊళ్ళో దంచించారు. ఉత్త రాగి మరకలు, అంతే. పేరు కోసం సారే సంచుల్లో బంగారు రజను చల్లి ఉంటారన్నారు. ఆ రోజుల్లో ఆ మాట నమ్మడానికి ఎవరికీ సాక్ష్యం అక్కర్లేకపోయింది. "ఆంధ్రోడు గదా, చేసే ఉంటడు" అని ఆఫీసు చాయ్ బల్ల దగ్గర ఒకతను నాతో అంటే, నేను తల ఊపాను. ఊరేగింపుల్లో అరిచినందుకు నాకు ఏ సిగ్గూ లేదు. న్యాయమైన కోపాన్ని తెచ్చి నా తప్పు మీద దుప్పటిలా కప్పుకున్నాను చూడండి, అందుకు సిగ్గు.

విచారణకు వచ్చిన అధికారి నన్నడిగాడు. "రోలు ఎప్పుడన్నా బయటికి పోయిందా?"

"పోలే సార్" అన్నాను.

సారుకు ఆ వరుస అర్థమవుతూనే ఉంది. ఒక శనివారం నన్ను పిలిచి, "సంచి సంచికీ తగ్గుతూ పోయింది చూశావా? రోట్లోనే ఏదో ఉంది. సోమవారం విచారణ వాళ్ళ ఎదురుగా తెల్లరాయి దంచి పరీక్షకు పంపిద్దాం. అందులో బంగారం కనిపిస్తే నేను బయటపడతాను. అప్పటిదాకా రోలు ముట్టుకోకు" అన్నారు. తాళంచెవి నా దగ్గరే ఉందని ఆయనకు తెలుసు. తిరిగి ఇమ్మని అడగలేదు.

ఆదివారం పొద్దున్నే గోదాము తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకున్నాను. ఇసుకతో, ఇటుక పొడితో, చింతపండుతో రోలు తోమాను. గుంటల్లో ఒక్కొక్కదాన్నీ మేకు మొనతో గీరాను. తరవాత తెల్లరాళ్ళు దంచాను, పారబోశాను, మళ్ళీ దంచాను. భుజాలు పడిపోయాయి. రోకలి మొన గరుకు కాగితంతో రుద్దాను, జల్లెడ కొత్తది మార్చాను. ఆయన నేర్పిన పనంతా ఆ రోజు ఒక్క పొల్లు పోకుండా చేశాను. చివర్లో పొయ్యి మసి తెచ్చి రోలుకు పూశాను, కడిగినట్టు తెలియకుండా.

సోమవారం అందరి ఎదుటా నేనే దంచాను. పొట్లానికి సీలు వేశారు. పదిరోజుల తరవాత ఫలితం వచ్చింది. అందులో ఏమీ లేదు.

సారును పని నుంచి తప్పించారు. వెళ్ళేముందు తన సుత్తి తీసుకుపోవడానికి గోదాముకు వచ్చారు. మనిషి సగమయ్యారు. ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను, సుత్తి తుడిచి చేతికిచ్చాను. ఆయన రోలు దగ్గర కాసేపు నిలబడి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"నిన్ను అనుమానించాను అబ్బాయ్. రోలు సరిగ్గా కడగలేదేమోననుకున్నాను. ఏమనుకోకు."

"ఏమనుకోను సార్" అన్నాను.