ముందు వరుసలో ఖాళీ

తిగ్మత్ ఊళ్లో ఇమాంకు పూటకో ఇంటి నుంచి భోజనం వస్తుంది. ఇమాంగా సీ అల్లాల్ ఆ ఊరికి వచ్చిన నాటినుంచి ఏ ఇంటి గిన్నెనూ మిగులుతో పంపలేదు. ఉప్పెక్కువైన ఇంటి కోసం ఇంకాస్త ఎక్కువ దుఆ చేసేవాడు, పాపం ఆ ఇల్లాలు ఏ తొందరలో ఉందోనని. అలాంటి మనిషి గిన్నెలు ఆ వేసవిలో నిండుగానే తిరిగి వెళ్లసాగాయి.

కారణం మైకు. మసీదుకు అది కొత్తగా వచ్చింది. అంతదాకా నాలుగు వరుసలకే వినిపించిన ఆయన గొంతు ఇప్పుడు లోయంతా వినిపిస్తోంది. పక్క ఊళ్లవాళ్లు విని, "ఈసారి బక్రీదు నమాజు మూడూళ్లవాళ్లమూ మీ ఇమాం వెనకే" అని కబురు పెట్టారు. ఊరంతా మురిసిపోయింది. అల్లాల్ కడుపు మాత్రం గుడగుడలాడింది.

ఒక శుక్రవారం నమాజు మధ్యలో, ఏది జరగకూడదని భయపడ్డాడో అదే జరిగింది. కడుపులో గాలి బయటికి పోతే వజూ, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని పొందిన శుద్ధి, పోయినట్టే. వజూ పోయిన ఇమాం అక్కడ నిలబడకూడదు. ఇలాంటప్పుడు సిగ్గు దాచేందుకు పెద్దలు నేర్పిన మర్యాద ఒకటుంది. ఆ ప్రకారం, ముక్కు నుంచి రక్తం కారుతున్నవాడిలా ముక్కు పట్టుకుని, వెనకనున్న ముసలాయన బా హమ్ము తొడుక్కున్న పొడవాటి అంగీ, జెల్లాబా, చెయ్యి పట్టి ముందుకు లాగి, తాను తప్పుకున్నాడు. మిగిలిన నమాజు బా హమ్ము చదివించాడు. సాయంత్రానికి నాలుగిళ్ల నుంచి ఇమాం గదికి ముక్కులో పెట్టుకోమని దూది వచ్చింది.

కారని రక్తానికి వచ్చిన ఆ దూది చూసి ఆయన మరీ కుంగిపోయాడు. ఖాళీ కడుపైతే చప్పుడుండదనుకుని తిండి మానేసి, పుదీనా టీ మీదే గడిపాడు. నిద్ర పోయింది. నోరు పూసింది. పట్టిన జలుబు వదలలేదు, గొంతు బొంగురుపోయింది. పండుగలోపే ఊరు విడిచిపోదామని మూట కట్టుకున్నాడు. ఆ మూట బా హమ్ము కంటపడింది. మారుమాట లేకుండా రెక్క పట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

నర్సు బహీజా అడిగింది. "ఏం తింటున్నారు సీదీ?"

"టీ తాగుతున్నానమ్మా."

"తాగేది కాదు, తినేది చెప్పండి."

"బెంగ తింటున్నాడమ్మా," అన్నాడు బా హమ్ము. "మూడు పూటలా."

బహీజా నవ్వు ఆపుకుంది. "మన పేగుల్లో కంటికి కనబడని ప్రాణులు కోట్లుంటాయి సీదీ. మనం తిన్నదే వాటికీ తిండి. బెంగతో, పస్తులతో పేగుల నడక చెడితే వాటిలో మంచివి తగ్గిపోతాయి. రోగాన్ని తరిమే కాపలావాళ్లలో చాలామంది కాపురం కూడా అక్కడే. ఇరుగుపొరుగు చల్లగా ఉంటేనే వాళ్లకూ సత్తువ. మీ జలుబు వదలకపోవడానికి ఇదీ ఒక కారణమే."

"మరి మందు?" అన్నాడు అల్లాల్.

"నోటికి పూసే మందు ఇస్తాను. తగ్గకపోతే పట్నంలో డాక్టరుకు చూపిద్దాం. కానీ సీదీ, తోడుపెట్టిన గిన్నెను గడియగడియకూ కదిపి చూస్తే పెరుగు తోడుకుంటుందా? కడుపునలా కుదపకండి. తినండి, నడవండి, పడుకోండి."

గుమ్మంలోకి వచ్చిన పిల్లినైనా పస్తు పంపని మనిషి అల్లాల్. తిరుగు దారిలో, "కోట్ల ప్రాణులకు దేవుడు నా చేతిమీదుగా అన్నం రాసిపెడితే, నేను వాటి నోరు కొట్టానా బా?" అన్నాడు.

"కొట్టావు. ఇవాళ వంతు మా ఇంటిదే, పద. పండుగనాడు నీ వెనకే నిలబడతాను. వజూ పోతే పోనీ, నా చెయ్యి లాగు. ఖురానులో నాకొచ్చినవన్నీ చిన్న సూరాలే. నమాజు తొందరగా అయిపోతుంది, పొట్టేలు తొందరగా పొయ్యెక్కుతుంది. జనం నిన్నే దీవిస్తారు!"

బా హమ్ము భార్య లల్లా ఇత్తో బార్లీ రవ్వను చల్లలో కలిపి ముందు పెట్టి, గిన్నె ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. ఆనాటి నుంచి మళ్లీ ఏ ఇంటి గిన్నే నిండుగా తిరిగి వెళ్లలేదు. మెల్లమెల్లగా నోటిపూత మానింది, గొంతు విచ్చుకుంది. కడుపు గొణిగినప్పుడల్లా అల్లాల్ "వస్తోంది నాయనా, అన్నం వస్తోంది" అని దానికి సర్దిచెప్పేవాడు.

పండుగ పొద్దున మూట విప్పి తెల్ల జెల్లాబా తొడుక్కున్నాడు. మైదానంలో వరుసల వెనక వరుసలు. నమాజు చివరి విడతైన రెండో రకాతులో కడుపు గుడగుడమంది. 'వెనక బా ఉన్నాడుగా' అనుకున్నాడు. అంతే, గుడగుడ దానంతటదే సర్దుకుంది. ఆయన గొంతు లోయమీదుగా హాయిగా సాగిపోయింది.

నమాజు ముగించే సలాం చెప్పి వెనక్కి తిరిగాడు. ముందు వరుసలో, తన వెనకే, ఒక మనిషి పట్టేంత ఖాళీ! దూరాన నీళ్ల కుండ దగ్గర బా హమ్ము, ఒక చేత్తో ముక్కు, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని కనిపించాడు. ఇమాం నవ్వు మైకులోంచి మూడూళ్లకూ వినిపించింది.

ప్రసంగం ముగిశాక, "మిమ్మల్ని నమ్ముకునే కదా నిలబడ్డాను, ఎక్కడికి పోయారు బా?" అన్నాడు అల్లాల్.

"ఏం చెయ్యను నాయనా! నువ్వు నిజంగా లాగితే మూడూళ్ల ముందు ఏం చదవాలా అని వారంనుంచీ నాకు తిండి లేదు. నీ బెంగ నా కడుపులోకి మకాం మార్చింది."

లల్లా ఇత్తో చల్ల గిన్నె మొగుడి చేతికిచ్చింది. "తాగు. కడుపు కదిపావంటే ఊరుకోను."

మధ్యాహ్నానికి బా హమ్ము ఇంటికి ఊరి నాలుగు వైపుల నుంచీ దూది వచ్చింది. అన్నిటికన్నా పెద్ద ఉండ ఇమాం పంపించాడు.