పెట్టెకా, మనిషికా?

రెండువేల ఐదు ప్రాంతంలో ఏలూరులో షేర్ల గురించి మాట్లాడనివాణ్ణి మనిషి కింద లెక్కపెట్టేవారు కాదు. నేను మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారిని. నూటికి ఎంత అన్నది తప్పు చెబితే పిల్లల చెవులు మెలిపెట్టేవాణ్ణి. ఆ చెవులన్నిటికీ ఇప్పుడు క్షమాపణ చెప్పుకోవాలి.

మా ఆవిడ మోకాలి నొప్పి భరించలేక పాడిగేదెను అమ్మేసి, వచ్చిన ఇరవై వేలూ నా చేతిలో పెట్టింది. కాలు బాగుపడగానే మళ్లీ గేదెను కొనుక్కుంటానని, అందాకా జాగ్రత్త చేయమని చెప్పింది. నన్ను అడగకుండా ఆమె ఖర్చుపెట్టుకునే డబ్బు ఆ పాల మీద వచ్చేదొక్కటే.

జాగ్రత్త చేయడమంటే బావగారి వెనక నడవడమని నా తెలివి. ఆయన మా ఆవిడకు అన్నయ్య. పెదపాడులో చేపల చెరువులున్నాయి, షేర్లలో పది లక్షలున్నాయి. ఆయనతో షేర్ల ఆఫీసుకు వెళ్లాను. అక్కడ రెండు ప్లాన్లు. చిన్నదానికి ఏడాది ఫీజు లేదు, కొన్నా అమ్మినా వందకు అర్ధరూపాయి. పెద్దదానికి ఏటా రెండువేల నాలుగు వందలు ముందే పట్టుకుంటారు, ఆపైన వందకు ఇరవై పైసలే. రోజూ కొని అమ్మే బావగారిది పెద్ద ప్లాను. కౌంటర్లో ఉన్న మేడమ్ నా ఫారం చూసి, "మీకు చిన్నది సరిపోతుందండి" అంది పాపం, మెల్లగానే.

బావగారి ముందు 'చిన్నది' అన్న ఆ మాట చెవుల్లో సీసం పోసినట్టయింది. పెద్దదే ఇమ్మన్నాను. వందకు ముప్ఫై పైసలు మిగిలాయని ఇల్లు చేరేదాకా మురిసిపోయాను. ఆ ముప్ఫై పైసలతో ఫీజు రాబట్టాలంటే ఏటా ఎనిమిది లక్షల బేరం చేయాలి. ఏడో తరగతి లెక్క అది. నేను చేసింది ఒకే ఒక్క కొనుగోలు.

రెండేళ్లకు ఆవిడ కాలు బాగుపడింది. గేదెను చూసుకుని వచ్చి డబ్బు అడిగింది. షేర్లు కొంచెం పెరిగాయి గానీ రెండేళ్ల ఫీజు పోను పద్దెనిమిది వేలే మిగిలాయని నసిగాను. ఆవిడ చెరువు గట్టు మీద చేపల తూకాలు చూస్తూ పెరిగిన మనిషి. చేపలు తూచేటప్పుడు నీటి బరువు కింద పెట్టెకు ఇంతని తీసేస్తారు, దాన్నే తరుగంటారు.

"ఈ తరుగు పెట్టెకా అండి, మనిషికా?" అని అడిగింది.

మనిషికే అన్నాను.

"అంటే నూరు పెట్టెలున్న మా అన్నయ్యకీ, ఒక్క పెట్టె ఉన్న మనకీ ఒకటే తరుగా అండి?"

ఇరవయ్యేళ్లు లెక్కలు చెప్పినవాడికి తట్టని ప్రశ్న. ఈలోగా గేదెల ధరలూ పెరిగాయి. చేతికొచ్చిన డబ్బుకు పాడిగేదె రాలేదు, ఒక పెయ్యదూడ వచ్చింది. అది ఈని పాలిచ్చేసరికి ఇంకో మూడేళ్లు. అన్నాళ్లూ ఏ చిన్న ఖర్చుకైనా ఆవిడ నా దగ్గర చెయ్యి చాపాలి.

ఆ నెలలోనే బావగారు వచ్చారు. పెరట్లో దూడను చూసి, గేదెను కొంటానని దీన్ని కొన్నావేమిటని చెల్లెల్ని అడిగారు. ఆవిడ పాకెట్ పాలతో పెట్టిన కాఫీ ఆయనకు అందించి, నా వైపు చూడకుండానే చెప్పింది.

"అది మీ బావగారి పెద్ద ప్లాను అన్నయ్యా."